ఇంకొక్క పొర

పాత బొమ్మరైళ్ళ పిచ్చి ఉన్నవాళ్ళందరూ అతణ్ణి డేగకన్ను అనేవారు. ముఖం మీదే అన్నా ముసిముసిగా నవ్వేవాడే తప్ప వద్దనేవాడు కాదు. డేగకు ఆకాశం నుంచి కోడిపిల్ల కనపడుతుంది గానీ, దాని పొట్ట కింద ఏముందో కనపడదు. ఆ సంగతి పేరు పెట్టినవాళ్ళూ ఆలోచించలేదు, మోసినవాడూ ఆలోచించలేదు.

అతని పని రంగు కలపడం. తాతల నాటి రేకు ఇంజన్లు, పెట్టెలు పెచ్చులూడి, తుప్పు పట్టి వస్తాయి. ఊడినచోట వేసిన రంగు ఊడనిచోట ఉన్న రంగులో కలిసిపోవాలి. అతుకు తెలిసిందంటే పని చెడినట్టే. ఈ విద్య నేర్పింది అతని అక్క మొగుడు. మీసాలు రాని వయసులో అక్క వెంట ఆ ఇంటికి వచ్చి, బావ బల్ల పక్కన స్టూలు వేసుకుని, రంగు డబ్బాలు కడగడంతో మొదలుపెట్టాడు. చేయి కుదిరాక పక్కవీధిలో సొంతంగా గది తీసుకున్నాడు. అందులో తప్పేం లేదు, రెక్కలొచ్చిన పిట్ట ఎగరక ఏం చేస్తుంది? కాకపోతే ఎగిరినవాడు ఊరికే ఎగరలేదు.

బొమ్మరైళ్ళ క్లబ్బులో ఒక ఆదివారం డాక్టరుగారు తన ఆకుపచ్చ ఇంజను తెచ్చారు. ఎప్పుడో ఆయన తండ్రి హయాంలో బావ బాగుచేసిందే. చక్రాల పైన రంగు కాస్త పెచ్చు లేచింది. బావ అక్కడే ఓ మూల కుర్చీలో టీ తాగుతున్నాడు. డాక్టరుగారు ఇంజను ఆయన ముందు పెట్టబోతుంటే ఇతను మధ్యలోనే అందుకుని, కిటికీ దగ్గర వెలుతురులో పెట్టి, నంబరు పలక విప్పి, దాని కింద బ్లేడుతో గీకాడు. ముదురాకుపచ్చ లేచిపోయి లేతాకుపచ్చ బయటపడింది.

"చూశారా డాక్టరుగారూ. అడుగున ఉందే, అదీ ఫ్యాక్టరీ రంగు. ఈ పైది ఎవరో కళ్ళు మూసుకుని కలిపింది."

ఎవరో అన్నాడు గానీ గదిలో అందరూ బావ వైపే చూశారు. "ఏం మేష్టారూ, ఏకు మేకై కూర్చుందే" అన్నాడొకాయన. నవ్వులు లేచాయి. బావ వచ్చి ఆ గీకిన చోటు వంక చూశాడు. ఏదో అనబోయాడు. బావమరిది ముఖం చూసి ఆగిపోయాడు.

"వాడి కన్ను వాడిది" అని, సగం తాగిన గ్లాసు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు.

నోరు మూసుకున్నాడంటే ఓడిపోయినట్టేగా అనుకున్నాడు డేగకన్ను. ఆ తర్వాత బావ ఇంటికి వెళ్ళవలసిన ఇంజన్లు ఒక్కొక్కటే ఇటు మళ్ళాయి. అక్క ఫోను చేయడం మానేసింది. ఓసారి కూరగాయల కొట్టు దగ్గర ఎదురుపడి, "తిన్నింటి వాసాలు లెక్కపెట్టావు కదరా" అని, చిల్లర కూడా తీసుకోకుండా వెళ్ళిపోయింది. రంగు రంగే, చుట్టరికం చుట్టరికమే అని అతను తనకు తానే సర్దిచెప్పుకున్నాడు. ఇలాంటి సామెతలు మనకు అవసరానికి అప్పటికప్పుడు పుడతాయి.

డాక్టరుగారి ఇంజను బాడీని మందులో ముంచి, ఉన్న రంగంతా ఒకే ముద్దగా రేకు దాకా వలిచేసి, ఆ లేతాకుపచ్చే మొత్తం వేశాడు. డాక్టరుగారు చూసి పసిపిల్లాడిలా సంబరపడ్డారు. మిగిలింది, ముంచకుండా విడిగా ఉంచిన డ్రైవరు గది ఒక్కటే. దాని పైకప్పు మరలు బిగుసుకుపోయి రాకపోతే నూనె పోసి వదిలేశాడు. ఓ ఉదయం అవి మెత్తబడి ఊడివచ్చాయి. కప్పు తీసి వెల్లకిలా తిప్పాడు.

లోపలి వైపు ఎవరికీ కనపడదు కాబట్టి, ఎవరూ పట్టించుకోరు. అక్కడ పైన ముదురు రంగు లేదు. లేతాకుపచ్చే ఉంది. తడి ఆరకముందే పట్టుకున్నట్టు దాని మీద ఒక బొటనవేలి ముద్ర, ముద్రకు అడ్డంగా ఒక గీత.

అతను తన బొటనవేలు చూసుకున్నాడు. బావ దగ్గర పని నేర్చుకునే రోజుల్లో రేకు కత్తెర జారి తెగిన మచ్చ అది. అక్క గుడ్డ చుడుతూ ఏడిస్తే, "ఇక నీ వేలిముద్ర ఎవడూ దొంగిలించలేడు పో" అని బావ నవ్వించాడు. వేలు ఆ ముద్ర మీద ఆనించాడు. సరిగ్గా కూర్చుంది.

ముద్ర పక్కన బ్లేడు పెట్టి గీకాడు. లేతాకుపచ్చ లేచింది. దాని కింద ముదురాకుపచ్చ, ఫ్యాక్టరీలో వేసింది, నిగనిగలాడుతూ ఉంది. ఆ ఆదివారం ఇంకొక్క పొర గీకి ఉంటే ఇదే కనపడేది. తాను కోరుకున్నది కనపడగానే ఆపేశాడు.

అసలు రంగు ముదురు. దాని మీద లేతది, తను పసుపు ఎక్కువ పోసి చెడగొట్టింది. దాని మీద మళ్ళీ ముదురు, తను లేని పూట బావ సరిదిద్దింది. ఆ రోజుల్లో ఆరడానికి తీగకు వేలాడదీసిన బాడీల్లో ఏది ఏ ఇంటిదో అతనికి తెలిసేది కాదు. "బాగానే వచ్చింది, ఆరనీ" అనేవాడు బావ. ఆ పూట కూడా అది నమ్మి లోపలికెళ్ళి కడుపునిండా తిని పడుకున్నాడు.

తల కొట్టేసినట్టయింది. తప్పు రంగు కలిపినందుకు కాదు, రంగు ఎవడికైనా తప్పుతుంది. ఆ ఆదివారం బావ ఆ లేతాకుపచ్చను చూడగానే గుర్తుపట్టాడు. ఒక్క మాట అంటే ఆ నవ్వులన్నీ ఇటు తిరిగేవి. అనలేదు.

ఇంకా సిగ్గుచేటైన పని ఒకటుంది, అదీ చేయబోయాడు. లోపలి వైపే కదా, ఒక్క పూత వేస్తే ముద్ర మాయం. బ్రష్ ముంచాడు కూడా. బావ కూడా ఇలాగే ఒక పూత వేసి కప్పిపుచ్చాడు, కాకపోతే ఇంకొకడి పరువు కోసం. ఆ ఆలోచన రాగానే బ్రష్ కింద పెట్టేశాడు. కప్పును రుమాలులో చుట్టుకుని పక్కవీధికి నడిచాడు.

అక్క తలుపు తీసింది. రమ్మనలేదు, పక్కకు జరిగింది. బావ బల్ల ముందు ఊరికే కూర్చుని ఉన్నాడు. అతను కప్పును వెల్లకిలా పెట్టాడు. బావ కళ్ళద్దాలు కూడా వెతుక్కోలేదు.

"దొరికిందా?"

"నీకు ముందే తెలుసు కదా బావా."

"బాడీ మొత్తం నువ్వే వేయడం అదే మొదటిసారి. ఎంత మురిసిపోయావో. చెప్పబుద్ధి కాలేదు."

"ఆ ఆదివారం క్లబ్బులో చెప్పాల్సింది. నన్ను కడిగేయాల్సింది."

"అంతమంది ముందా?" అన్నాడు బావ, అదేదో తనకు చేతకాని పనైనట్టు.

గుమ్మంలో అక్క ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. ఇన్నేళ్ళూ ఆమెకు కూడా చెప్పలేదన్నమాట.

"సిగ్గుగా ఉంది బావా."

పోనీలేరా అంటాడనుకున్నాడు. ఆ మాట కోసమే ఇంత దూరం వచ్చాడేమో కూడా.

"ఉండాలి" అన్నాడు బావ, కోపం లేకుండా. "అప్పుడు పిల్లాడివి, నేను దాచాను. ఇప్పుడు కూడా నన్నే దాచమనకు."

అతను ఫోను తీసి డాక్టరుగారికి చేశాడు. ఆయనది పెద్ద గొంతు. గదిలో ముగ్గురికీ వినపడింది.

"ఏమయ్యా డేగకన్నూ, కప్పు ఊడిందా? లోపల ఇంకేం ఘనకార్యాలు చేసిపెట్టాడు మీ బావ?"

బావ తలెత్తలేదు.

"ఒక్కటేనండీ. నేను పాడుచేసిన ఇంజనును బాగుచేసి, నా పేరు బయటపడకుండా మీ నాన్నగారికి ఇచ్చాడు. మా బావ వేసిందే సరైన రంగు. నేను దాన్ని వలిచేసి, చిన్నప్పుడు చేసిన తప్పే మళ్ళీ చేశాను. ఆదివారం అందరి ముందూ ఇదే చెబుతాను."

అవతల గొంతు తగ్గింది. "మరి నా ఇంజను?" అని వినపడింది.

అతను బావ వైపు చూశాడు. బావ కాలితో స్టూలు ఇటు జరిపాడు.

"ఇక్కడే బాగుచేస్తామని చెప్పు. ముందు నువ్వు డబ్బాలు కడుగు."

బల్ల మీద డబ్బాలన్నీ దుమ్ము పట్టి ఉన్నాయి. ఆ దుమ్ము ఎవరి వల్ల పట్టిందో ఆ గదిలో అందరికీ తెలుసు. అతను తలవంచుకుని వాటిని ఒక్కొక్కటే తీశాడు.