భీమశంకరం గారి స్టీల్ ట్యాంకులు

బాతెల్ ఊళ్లో లీలావతి ఆంటీ వాళ్ల గరాజ్‌లో నాలుగు స్టీల్ ట్యాంకులు గోడకి చేరేసి ఉండేవి. ఆవిడ భర్త భీమశంకరం గారు సెలవు దొరికితే చాలు, వాటిలో గాలి నింపి వీపున కట్టుకుని చల్లటి సముద్రంలోకి దిగేవారు. ఆయన పోయి ఏడాదైంది. రెండువేల తొమ్మిదిలో, ఫ్లోరిడాలో ఉన్న కూతురు భవిత డైవింగ్ నేర్చుకుని, నాన్న ట్యాంకులు పనికొస్తాయేమో ఎవరికైనా చూపించమంది. డైవింగ్ తెలిసినవాళ్లలో ఆంటీ ఎరిగింది గుళ్లో పరిచయమైన జాహ్నవి ఒక్కతే.

జాహ్నవి వచ్చి ట్యాంకు మెడ దగ్గర కొట్టిన తేదీలు చూసింది. తయారైంది డెబ్బై నాలుగులో. ప్రెషర్ టెస్ట్ గడువు దాటింది గానీ అది మళ్లీ చేయించుకోవచ్చు. పైన గీతలే తప్ప తుప్పు లేదు. వాల్వ్ కాస్త తిప్పగానే సుయ్‌మని గాలి వచ్చింది. లోపల తేమ చేరకుండా ఆయన కొంచెం గాలి ఉంచారన్నమాట. నాలుగూ అంతే. పొట్టిగా, సరిగ్గా తన ఎత్తుకి తగ్గట్టున్నాయి. ఇలాంటి వాటికోసం రెండేళ్లుగా వెతుకుతోంది.

"ఎలా ఉన్నాయమ్మా?" అంది ఆంటీ.

"పాడైపోయాయి ఆంటీ. గాలి నింపితే పేలినా పేలొచ్చు. భవితకి ఇవ్వకండి." తడుముకోకుండా వచ్చేసింది అబద్ధం. "రెండు నా కార్‌లో పడతాయి, నేను పారేయిస్తాను. మిగతావి వచ్చే వారం తీసుకెళ్తా."

ఆవిడ నమ్మింది. పైగా ఒక డబ్బాలో గోంగూర పచ్చడి పెట్టిచ్చింది.

టెస్ట్ చేసే షాపులో పెద్దాయన లోపలికి లైటు దించి చూశాడు. "ఇంకో ముప్పై ఏళ్లు వాడుకోవచ్చు. ఎవరో ప్రాణంలా చూసుకున్నారు వీటిని. మీ వాళ్లవా?" అని అడిగాడు. జాహ్నవికి సిగ్గేసింది. ట్యాంకులు కార్‌లో వేసుకుని తిన్నగా ఆంటీ దగ్గరికే డ్రైవ్ చేసింది.

గరాజ్‌లో గోడ బోసిగా ఉంది.

"నీకు మళ్లీ శ్రమెందుకని స్క్రాప్ వాళ్లని పిలిచానమ్మా. తెలియక ఎవరైనా వాడితే ప్రాణాల మీదికొస్తుందని, చిల్లులు పెట్టించి మరీ పంపా," అంది ఆవిడ. "భవిత ఒకటే ఏడుపు. జాహ్నవి చూడబట్టి సరిపోయింది, లేకపోతే ఏమైపోయేదానివే అన్నాను."

జాహ్నవి గుమ్మంలోనే నిలబడిపోయింది. "ఆంటీ, అవి బాగున్నాయి. నాలుగూ బాగున్నాయి."

"ఇప్పుడు తెలిసిందా?"

ఔనంటే అక్కడితో అయిపోయేది. "లేదాంటీ. ఆ రోజే తెలుసు. నాకు కావాలనిపించింది."

ఆవిడ లోపలికెళ్లి, ఫోన్ డయల్ చేసి తెచ్చి జాహ్నవి చేతిలో పెట్టింది. "దానికి నేను చెప్పలేను. నువ్వే చెప్పు."

జాహ్నవి చెప్పింది. అవతల భవిత మొత్తం విని, "ఆ రెండు నాకు పంపించు," అని మాత్రం అని పెట్టేసింది.

లోపల గాలి మిగలకుండా వాల్వులు తీయించి, రెండింటినీ తనే ప్యాక్ చేసి ఫ్లోరిడాకి పంపింది జాహ్నవి. ఆ తర్వాత కూడా ఆంటీ గుళ్లో కనిపిస్తే పలకరిస్తుంది, ప్రసాదం చేతిలో పెడుతుంది. ఏ సంగతికైనా జాహ్నవిని సలహా అడగడం మాత్రం మానేసింది.