నిర్నామము కాని మెట్ట

నిదాఘమధ్యాహ్నమార్తాండుని ప్రచండకిరణములకు విప్పచెట్ల లేతాకులు సైతము వాడి వ్రేలాడుచు కొండవాగులు శిలామాత్రావశిష్టములై పక్షులు నోళ్లు తెఱచికొని కొమ్మలనంటి కూర్చుండిన వైశాఖమాసమున, గోదావరి కుత్తరపుటొడ్డున నున్న మన్యపుగుట్టలలో సర్కారు కొలతకచ్చేరి గుమాస్తా ఉప్పులూరి నరహరిపంతులు కాలికి బలపము కట్టుకొని తిరుగుచుండెను. కొండకు వాగుకు చేనుకు గల పేరేమి, అది యెట్లు వచ్చెను, దాని యర్థమేమి యని విచారించి వ్రాయుట యాతని యుద్యోగము. నాలుగు మాసములు వ్రాసి వ్రాసి యాతనికి పేరన్న మాట వినిననే ప్రాణము విసుగుచుండెను. సాగుచేయువారి నోట వినిన పేరే వ్రాయవలెననియు, పేరు తెలియనిదానిని నిర్నామమని వ్రాసి సర్కారడవిలో గలుపవలెననియు కచ్చేరి కట్టడ.

ఆనాటికి మిగిలినది యొక్క మెట్ట. విషజ్వరములకు వెఱచి జనమెల్ల లేచిపోయిన యా గూడెమున నొంటిగా నిలిచి యా మెట్టమీద జొన్న చల్లుకొని బ్రదుకుచున్న సోలమ్మ యను వృద్ధ దక్క దాని సంగతి చెప్పువారు లేరు.

“అవ్వా, ఈ మెట్ట పేరేమి?”

“పేరుంది బాబూ. నా నోట రాదు.”

“మఱచితివా?”

“మరుపా! సచ్చినా మరవను.”

ఇదెక్కడి గోలరా భగవంతుడా యని పంతులు తల పట్టుకొనెను. ముసలిది తన్ను ఆటపట్టించుచున్నదని తలచి నిర్నామమని వ్రాసి, ఇక నీ భూమి యడవిలో గలియునని చెప్పెను. సోలమ్మ మొగమున నెత్తురుచుక్క లేదు.

“అడివిలో కలిపేత్తారా? మా ఆయన గొడ్డలట్టి నరికి సాగుకి తెచ్చిన మెట్ట బాబూ! ఆయన్ని మట్టి సేసిందీ ఈ మెట్టలోనే. ఆ పేరు నా నోటితో ఎట్టా పలికేది?” అని యామె మెట్టనడుమ నున్న రాళ్లకుప్పను జూపెను.

అప్పటికి గాని పంతులునకు తెలియలేదు. మెట్టకున్నది మగని పేరు. ఇరువదియేండ్ల కాపురమున తన యిల్లాలు సైతము ‘ఏమండీ’ యనుటయే గాని తన్ను పేరు పెట్టి పిలిచి యెఱుగదు. అయ్యో, ఇంట ననుదినము చూచు నాచారమే యిచట తట్టలేదే! అలసట మనుష్యుని నంత గ్రుడ్డివానిం జేయును.

“నీ నోట వినక వ్రాయరాదే అవ్వా!” అని యాతడు నీరసముగా ననెను. దొంగవ్రాత వ్రాయుటకు భయము. నిర్నామమని వ్రాసినదానిని అట్లే విడిచి పోవుటకు మనసొప్పదు.

 సోలమ్మ కొంగు తలనిండ కప్పికొని రాళ్లకుప్పవైపు తిరిగి చేతులు జోడించి, “కోప్పడమాకయ్యా” అని వేడుకొని, “బొజ్జిరెడ్డి మెట్ట!” అని గొంతెత్తి చెప్పెను.

పంతులు నిర్నామమును కొట్టివేసి యా పేరు వ్రాసి “ఇక చాలునవ్వా” అనెను. కాని యామె చాలింపలేదు. పెండ్లినాటినుండి పెదవి దాటనీయని పేరును “బొజ్జిరెడ్డి” యని మరల ననెను. మఱియొకమాఱు మెల్లగా ననెను. ఏడ్చుచు ననెను, పిదప చిన్నగా నవ్వుచు ననెను.

పొద్దు వాలుచుండెను. మజిలీ యింకను రెండుకోసుల దూరమున్నది. కలమున సిరా యెండినను పంతులు లేవక, ఆమె పిలుచుట ముగియువఱకు పుస్తకము తెఱచికొని యట్లే కూర్చుండెను.