సూడాన్ బ్యాచ్

ఆ ఇంట్లో ఒకే పరీక్షకు ఇద్దరు చదివారు. భర్త టైర్ల దుకాణంలో అమ్మకాలు చూసేవాడు. భార్య ఒక ప్రైవేటు బడిలో పిల్లలకు భూగోళం చెప్పేది. సర్వే ఆఫీసులో గుమాస్తా పోస్టులు పడ్డాయని తెలిసి ఇద్దరూ దరఖాస్తు పెట్టారు. ఇద్దరికీ వయసు దాటిపోతోంది. ఈసారి తప్పితే మళ్ళీ రాసే అర్హత ఉండదు.

అతను దుకాణం నుంచి వచ్చేసరికి ఆమె వంట ముగించి, బల్ల తుడిచి, పుస్తకాలు పరిచేది. రబ్బరు వాసన పోయేదాకా చేతులు తోముకుని అతను వచ్చి కూర్చునేవాడు. ఆమె చదివి చెప్పేది, అతను వినేవాడు. పక్కగదిలోంచి అత్తగారు, "మొగుడికి పాఠం చెప్పే పెళ్ళాన్ని మా ఇంట్లోనే చూస్తున్నా," అనేది. అందులో మెచ్చుకోలు ఎంతో, ఎత్తిపొడుపు ఎంతో ఎవరూ తేల్చుకోలేదు. చివరికి ఇంటిల్లిపాదీ ఆమెను 'పంతులమ్మ' అనే పిలవసాగారు.

ఒకరోజు ఖండాల దగ్గర పేచీ వచ్చింది.

"ఆఫ్రికాలో విస్తీర్ణంలో అన్నిటికంటే పెద్ద దేశం?" అని అడిగిందామె.

"సూడాన్."

"కాదు, అల్జీరియా. తర్వాత కాంగో, రెండు కాంగోల్లో పెద్దది. సూడాన్ మూడోది."

అతను లేచి అటక మీంచి తన బడినాటి అట్లాసు దింపాడు. దుమ్ము దులిపి ఆమె ముందు పెట్టాడు. "నువ్వే చదువు. సూడాన్ అనే ఉంది."

"అది అచ్చయినప్పుడు నిజమేనండీ. తర్వాత దక్షిణం వైపు భాగం విడిపోయి వేరే దేశమైంది. తమ్ముడు వాటా పంచుకుని వెళ్ళిపోయాక కూడా మాది ఊళ్ళోకెల్లా పెద్ద కమతం అంటే కుదురుతుందా?"

"పేపరు తయారుచేసేవాడూ నా వయసువాడే అయ్యుంటాడు. ఇదే పుస్తకం చదివుంటాడు."

"మరీ అంత కళ్ళు మూసుకుని ఇవ్వరులెండి," అని ఆమె నవ్వేసి పేజీ తిప్పింది.

పరీక్షలో ఆ ప్రశ్న వచ్చింది. ఆమె అల్జీరియా పెట్టింది. అతను, ఆమె చెప్పింది గుర్తుండి కూడా, సూడాన్ పెట్టాడు.

ఫలితాలూ, జవాబులూ ఒకేసారి బయటపెట్టారు. అతను కటాఫ్ మీద సరిగ్గా ఆగాడు. ఆమె ఒక్క మార్కు కింద ఆగింది. అత్తగారు వీధిలోకి పరిగెత్తినంత పనిచేసి ఇరుగుపొరుగులను పిలుచుకొచ్చింది. ఆ సందట్లో కోడలు ఫోనులో జవాబులు ఒక్కొక్కటే సరిచూసుకుంటూ వచ్చి, ఖండం ప్రశ్న దగ్గర ఆగిపోయింది. సరైన సమాధానం సూడాన్ అని ఉంది.

లెక్క అర్థం కావడానికి ఆమెకు కాగితం అక్కర్లేకపోయింది. తప్పు జవాబు మీద అభ్యంతరం పెట్టడానికి వారం గడువిచ్చారు. పెడితే, దాన్ని ఒప్పుకుంటే, ఆమెకు ఒక మార్కు కలుస్తుంది, అతనికి ఒక మార్కు పోతుంది. ఆమె లోపలికి వస్తుంది, అతను బయటికి పోతాడు.

జనం వెళ్ళాక భర్తకు చూపించింది. అతను చూసి ఫోను తిరిగి ఆమె చేతిలో పెట్టాడు.

"నీ ఇష్టం," అన్నాడు. "నేను వద్దననుగా."

వద్దని అతను నిజంగానే అనలేదు. భోజనానికి మాత్రం లేవలేదు. మర్నాడు దుకాణానికి వెళ్తూ, యజమానికి మానేస్తున్నానని ఇంకా చెప్పలేదనీ, ఇప్పుడేం చెప్పాలో తోచడంలేదనీ తల్లితో అన్నాడు. భార్యకు వినపడేలాగే అన్నాడు.

అత్తగారు కోడలి పక్కన కూర్చుని కూరగాయలు తరుగుతూ మొదలుపెట్టింది. "ఉద్యోగం ఇంట్లోకి వచ్చిందా లేదా అన్నదే ముఖ్యమమ్మా. ఏ చేత్తో వస్తే ఏం? మొగుడి నోటి దగ్గరది లాక్కున్నావని రేపు పదిమందీ అంటే నువ్వు పడగలవా?"

"నాది తప్పు కాదు కదత్తయ్యా. వాళ్ళు తప్పిచ్చారు."

"తప్పో ఒప్పో, వాడికి కలిసొచ్చింది. కలిసొచ్చినదాన్ని కాలితో తన్నకూడదు."

బడిలో లెక్కల టీచరు కూడా అదే పరీక్ష రాసింది. ఆమె కూడా అల్జీరియానే పెట్టి, ఒక్క మార్కుకే ఆగిపోయింది. గడువు ముగియబోతుండగా స్టాఫ్‌రూములో పట్టుకుంది. "అక్కా, ఇవాళ వెళ్ళి ఇద్దరం కలిసి అభ్యంతరం పెట్టొద్దాం. నాకు చెప్పిందే నువ్వు, నువ్వు తప్పు పెట్టుండవుగా."

"ఏం పెట్టానో గుర్తులేదే," అందామె.

లెక్కల టీచరు బ్యాగు తగిలించుకుని ఒక్కతే వెళ్ళింది.

అతను ఉద్యోగంలో చేరాడు. ఇస్త్రీ చొక్కాలు, టిఫిను డబ్బా, తొమ్మిదింటికల్లా బస్సు. కొన్ని నెలలకు లెక్కల టీచరు అభ్యంతరం నెగ్గింది. జవాబు అల్జీరియాగా మార్చారు. అయితే చేరినవాళ్ళను కదపబోమనీ, గడువులోగా అభ్యంతరం పెట్టినవాళ్ళకు మాత్రం అదనంగా పోస్టులిస్తామనీ ప్రకటించారు. లెక్కల టీచరు బడి మానేసి అదే ఆఫీసులో చేరింది.

ప్రకటన వచ్చిన రోజే పంతులమ్మ ఆ వార్త భర్త నోట వింది. బూట్లు విప్పుతూ చెప్పాడు.

"అంటే నేను పెట్టుంటే ఇద్దరికీ వచ్చేది," అందామె నెమ్మదిగా.

"అవును మరి. పెట్టుండాల్సింది." అతను రెండో బూటు విప్పి గోడకు ఆనించాడు. "నిన్నెవరు ఆపారు?"

ఆమెకు ఎవరి పేరు చెప్పాలో తెలియలేదు. నిజంగానే ఎవరూ ఆపలేదు. ఒకరు తినలేదు, ఒకరు మంచిమాట చెప్పారు. అంతే.

తర్వాత ఆఫీసులో, తప్పు జవాబుతో గట్టెక్కినవాళ్ళకు 'సూడాన్ బ్యాచ్' అని పేరుపడింది. కొత్తగా వచ్చినవాళ్ళు వాళ్ళను నలుగురిలో ఏడిపించేవారు. అతను ఇంట్లో ఈ సంగతి ఎత్తలేదు. ఒక ఆదివారం మధ్యాహ్నం తోటి గుమాస్తాలను ముగ్గురిని ఇంటికి పిలిచినప్పుడు ఆమెకు తెలిసింది.

టీ కప్పుల పళ్ళెం పట్టుకుని గుమ్మం దాకా వచ్చిన ఆమెకు అతని గొంతు వినపడింది. "నన్ను సూడాన్ బ్యాచ్‌లో కలపకండి. నేను ముందే అల్జీరియా పెట్టానండీ. దక్షిణం విడిపోయాక సూడాన్ మూడో స్థానానికి పడిపోయింది కదా. మధ్యలో కాంగో. తమ్ముడు వాటా పట్టుకెళ్ళాక పెద్ద కమతం మాదే అంటే చెల్లుతుందా?"

ముగ్గురూ మెచ్చుకోలుగా తలూపారు. వాళ్ళలో పెద్దాయన ఆమెను చూసి, "మీరూ రాశారట కదమ్మా. మీరేం పెట్టారు?" అని అడిగాడు.

ఆమె కప్పులు ఒక్కొక్కటే బల్ల మీద పెట్టింది.

"నేను అల్జీరియా పెట్టానండీ. సూడాన్ పెట్టింది ఈయన."

ముందుగా నవ్వింది భర్తే. ఆ వెంటనే మిగతావాళ్ళూ నవ్వారు.

"భలేవారమ్మా," అన్నాడు పెద్దాయన కళ్ళు తుడుచుకుంటూ. "నిజంగా అల్జీరియా పెట్టుంటే అభ్యంతరం పెట్టకుండా ఊరుకుంటారా? వెర్రివాళ్ళు కూడా ఊరుకోరు."

ఆమె ఖాళీ పళ్ళెం పట్టుకుని లోపలికి నడిచింది.

వాళ్ళు వెళ్ళాక అతను వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. "పరువు తీసేదానివే. జోకనుకున్నారు కాబట్టి సరిపోయింది."

"అవును, సరిపోయింది," అంటూ ఆమె గిన్నెలో మిగిలిన టీ సింకులో పారబోసి, కుళాయి తిప్పింది.

అతను ఇంకేదో అన్నాడు. నీళ్ళ చప్పుడులో ఆమెకు వినపడలేదు. మళ్ళీ చెప్పమని అడగలేదు.