ముప్పై శాతం వాన

ఉదయం నుంచి మా వంటగదిలో ముప్పై శాతం వాన కురుస్తోంది. పది గిన్నెలు పెడితే మూడింట్లోనే నీళ్లు పడుతున్నాయి. మిగిలిన వాటి మీద ఎండ కాస్తోంది.

మా తమ్ముడు ఎల్లాజీ పడవ తీసుకుని వేటకు వెళ్లిన రోజున కూడా రేడియో ఇదే అంకె చెప్పింది. "ముప్పైకి పాసెలా అవుద్దప్పా? ముప్పైయైదు రావాల కదా. ఈ వాన ఫెయిలే," అని నవ్వి, వల భుజాన వేసుకున్నాడు. నేను వాడి అక్కను, బడిలో లెక్కలు చెబుతాను. వాడూ నా దగ్గరే చదివాడు.

పడవ దొరికింది. వాడు దొరకలేదు.

వంటగది వెనక తలుపు తీస్తే వాన అంచనాలు సరిచూసే ఆఫీసు వస్తుంది. గుమాస్తా త్రినాథరావు గొడుగు కింద కూర్చుని వేయించిన శనగలు తింటున్నాడు.

"అంచనా తప్పని తేలితే ఆ రోజును వెనక్కి ఇస్తారట," అంటాను. "అందులో మా తమ్ముడున్నాడు."

"ఇస్తామండి. కానీ ఒక్క రోజును పట్టుకుని తప్పో ఒప్పో చెప్పలేం, టీచరు గారూ. ముప్పై అన్న రోజులన్నిటినీ ఒకచోట కూర్చోబెట్టాలి. పదిలో మూడు తడిస్తే మేం చెప్పింది ఒప్పు. రెండైనా, నాలుగైనా తప్పే."

"ఎవరు దిద్దుతారు?"

"మీరే. మాది మేమే దిద్దుకుంటే బాగోదు కదండి." ఎర్రపెన్ను చేతికిస్తాడు.

పక్కగది మా తరగతే. పది రోజులు చేతులు కట్టుకుని బల్లల మీద కూర్చున్నాయి. ఏడింటి బట్టలు గంజి పెట్టినట్టు ఉన్నాయి. రెండింటి జుట్టు తడిసి ఉంది. చివరిది తల ఎత్తడం లేదు. దాని ఒంటి మీద ఎల్లాజీ గళ్ల చొక్కా. అంచుల నుంచి ఉప్పునీళ్లు కారుతున్నాయి.

"తడవలేదని చెప్పు," అంటాను మెల్లగా. "రెండే అయితే వాళ్ల లెక్క తప్పుతుంది."

"తడిశానప్పా," అంటుంది అది, వాడి గొంతుతో. "లెక్కలో అబద్ధం రాయొద్దని నువ్వే కదా చెప్పీదానివి."

పెన్ను మూత తీస్తాను. దిద్దడానికి కాగితం లేదు. ఆ చొక్కా వీపు మీదే రైటు కొడతాను.

గీత ఆగదు. పెన్నులోంచి వస్తూనే ఉంటుంది. కొస వంకర తిరిగి, గాలంలా కిటికీ దాటి సముద్రంలో మునుగుతుంది. కొంతసేపటికి బిగుస్తుంది. అటువైపు ఎవరో లాగుతున్నారు, కంగారు లేకుండా, వల లాగే పద్ధతిలో.

పెన్ను వదలను. ఏడు పొడి రోజులూ బల్లలు దిగి వచ్చి, ఒకదాని వెనక ఒకటి నిలబడి నా నడుం పట్టుకుంటాయి. ముందున్న దాని చేతులు అప్పుడే తడుస్తున్నాయి.