మరచెంబు కట్టిన కొమ్మ

"ఇంకింత కిందికి కట్టు. పండుకొని చెయ్యి చాపితె అందాలె" అనేవాడు మార్కండేయ, చెట్ల మధ్య కట్టిన జోలెలో వెల్లకిలా పడుకొని. తొమ్మిదో నెల పొట్టతో అతని భార్య రాజమణి మునివేళ్ల మీద నిలబడి, మామిడి కొమ్మకు కట్టిన మరచెంబు తాడు విప్పి మళ్లీ కట్టేది. కిందికి దిగితే తలకు తగిలిందనేవాడు. పైకి పోతే భుజం పీకుతోందనేవాడు. చివరికి ఆమె అతని చేయి ఎంత పొడుగో చూసుకొని, తాడు మీద పసుపుతో గుర్తు పెట్టి, రోజూ అక్కడే ముడి వెయ్యడం అలవాటు చేసుకుంది. బాయి నుంచి నీళ్లు తెచ్చి, చెంబు నింపి, మర బిగించి కట్టాక గానీ ఆమెకు తెల్లవారినట్టు అనిపించేది కాదు.

పట్నంలో ఎలుకలు రాలి ప్లేగు మొదలయ్యాక వాళ్ల బస్తీ అంతా ఖాళీ అయింది. మార్కండేయ కుట్టుపని దుకాణం మూశాడు. అమీర్‌పేట దాటి పంజాగుట్ట తోవలో ఉన్న ఒక మామిడితోటలో తడకల గుడిసె వేసుకున్నారు. నేల మీద తేళ్లు, ఎలుకల భయం. చనిపోయిన మామ మగ్గం మీద నేసిన జంపఖానాలు రెండు ఉంటే, కొనలకు తాళ్లు బిగించి చెట్ల మధ్య జోలెలుగా వేలాడదీశారు. ఒకటి మార్కండేయకు, ఒకటి అత్త కాంతవ్వకు. రాజమణికి గుడిసెలో ఈతచాప. కాన్పయ్యాక మాత్రం, బాలింతకు నేల చెమ్మ తగలొద్దని కాంతవ్వ తన జోలె కోడలికిచ్చి తాను చాప మీదికి మారింది. ఆ మంచితనం కూడా రాజమణికి తెలుసు. అందుకే అత్తను ద్వేషించడం ఆమెకు చేతకాలేదు.

కాన్పై ఇవాళ అయిదో రోజు. ఎండాకాలపు మధ్యాహ్నం. ఆకు కదలడం లేదు. పొద్దున తిన్న ఎల్లిపాయ కారం ముద్ద ఇంకా గొంతులోనే మండుతోంది. పొద్దున ఒక గుటక, మాపున ఒక గుటక వేన్నీళ్లు, అంతే. నాలుక అంగిట్లో అతుక్కుపోయి, మింగడానికి ఉమ్మి కూడా లేదు. ఊరి బడిలో నాలుగు తరగతులు చదివిన రాజమణికి రోజుకొక ముక్క రాసుకునే అలవాటుంది. తలకింద దాచిన చిన్న పుస్తకంలో ఈ నాలుగు రోజులూ రాసింది ఒకటే మాట, దాహం. నిన్నటి దాని పక్కన మాత్రం ఇంకొకటి చేర్చింది, పాలు లేవు.

మొన్న సిగ్గు విడిచి మొగణ్ని అడిగింది. "జర ఒక్క గుక్క పొయ్యరాదు?"

"అవ్వ చెప్పినట్టు ఇను. ఆడోళ్ల ముచ్చట నాకేమెరుక?" అన్నాడతను. అని, చెయ్యి చాపి చెంబు అందుకొని గటగటా తాగాడు. గడ్డం మీదుగా కారిన నీళ్లను అరచేత్తో తుడిచి నేల మీద విదిలించాడు. ఆ చుక్కలు పడ్డ మట్టిని ఆమె చాలాసేపు చూసింది.

కాంతవ్వ మాట ఎప్పుడూ ఒకటే. "పచ్చి బాలింతవు. నీళ్లు తాగితె జన్ని కొడ్తది, పానం మీదికొస్తది. నేను నలుగురిని కనలేదా? ఒక్కనాడన్న నీళ్లకు ఏడ్సిన్నా?"

పక్కన కొమ్మకు వేలాడే తొట్టెలలో బిడ్డ పొద్దుటి దాకా చెట్టు అదిరేట్టు ఏడ్చింది. ఇప్పుడు పిల్లికూనలా మూలుగుతోంది. నిన్న ఆ ఏడుపు ఆగితే బాగుండునని అనుకున్నందుకు రాజమణి తనను తానే తిట్టుకుంది. వట్టి రొమ్మును నోట పెడితే రెండుసార్లు చీకి, అలసిపోయి వదిలేస్తోంది. కాన్పుకు ముందు కుట్టుపనికి దారం కండెలు చుడుతున్నప్పుడు అత్త చెప్పిన మాట ఆమెకు మళ్లీ మళ్లీ గుర్తొచ్చింది. "నాకు పాలు పడలే బిడ్డా. పక్కింటి పోచమ్మ గప్పుడే కన్నది, ఆమె పాలు తాగి వీడు బతికిండు. తర్వాత ముగ్గురు సుత పుట్టిన్రు. పది రోజులు దాటలే ఒక్కరు."

ఈ తోటలో పోచమ్మ లేదు.

మార్కండేయ గురక పెడుతున్నాడు. అతని తలవైపు కొమ్మకు మరచెంబు వేలాడుతోంది. రాజమణి చేతికీ దానికీ మధ్య రెండు మూరలు. లేవబోతే కళ్లు తిరిగి మళ్లీ జోలెలోనే కూలబడింది. ఇక జోలెనే ఊపింది. ఒళ్లంతా పచ్చిపుండులా సలిపింది. పళ్లు బిగబట్టి మళ్లీ ఊపింది. ఒకసారి వేళ్లు గాలినే తాకాయి. ఇంకోసారి చల్లని ఇత్తడి తగిలి జారిపోయింది. మూడోసారి తాడు దొరికింది. వదల్లేదు. తాను పెట్టిన పసుపు గుర్తు దగ్గర, ఈ అయిదు రోజులూ అత్త వేస్తున్న ముడిని తాను విప్పింది.

మర తిప్పడానికి వేళ్లు చాలక కొంగుతో పట్టి తిప్పింది. తాగింది.

"ఓ అవ్వో! సస్తవే పిల్లా!" పుల్లల మోపు కింద పడేసి కాంతవ్వ ఉరికొచ్చి చెంబు పట్టుకుంది.

రాజమణి కూడా వదల్లేదు. "తాగకున్న సస్తున్న. తాగే సస్త, ఇడ్సిపెట్టు అత్తమ్మా."

"నీకేం తెల్సు? నలుగురిని కన్న నాకంటె ఎక్కువ తెల్సా?"

"నలుగురిల ఒక్కరికన్న నీకు పాలు పడ్డయా?"

"పడలే. నా రాత."

"నీళ్లు తాగినవా?"

కాంతవ్వ తొట్టెల వైపు చూసింది. చెంబు మీది చెయ్యి మెల్లగా జారిపోయింది. అక్కడే, మట్టిలో, చెట్టు మొదలుకు ఆనుకొని కూర్చుండిపోయింది. ఆమె పెదవులు పోయిన ముగ్గురినీ లెక్కపెడుతున్నట్టు కదిలాయి.

రాజమణి ఇంకో రెండు గుక్కలు తాగి బిడ్డను అందుకుంది. పాలు వస్తాయో రావో ఆమెకు తెలియదు. మళ్లీ రొమ్ము నోట పెట్టింది.

పక్క జోలెలో నుంచి ఒక చెయ్యి బయటికొచ్చింది. రోజూ అందే చోట గాలిలో తడుముకుంది.

"అవ్వా, నీళ్లేవి?"

కొడుకు రెండోసారి పిలిచే దాకా ఏనాడూ ఆగని కాంతవ్వ లేవలేదు.

"అవ్వా!"

రాజమణి మరచెంబు తాడును తన జోలె తాడుకు చుట్టి, ఒంటిచేత్తోనే ముడి బిగించింది.

"బాయి కాడ చేద ఉన్నది" అంది.