మూఢంలో విడిపోయిన అతుకు

నేను ఒక పైకప్పుని. సినిమా షూటింగుల దగ్గర హీరోలు ఏసీలో కూర్చుని, ఎన్నిసార్లు పిలిచినా బయటకు రాని బండి ఒకటి ఉంటుంది కదా, క్యారవాన్ అంటారు, దాని నెత్తిన ఉండేదాన్ని. ఇప్పుడు విశాఖపట్నం శివార్లలో ఒక పాత ఇనుప సామాన్ల కొట్టు వెనక మూడు ముక్కలుగా పడి ఉన్నాను. నన్ను ముక్కలు చేసినవాడు మూడేళ్ళపాటు చెప్పులు విప్పితే గానీ నా మీద కాలు పెట్టని మనిషి. కోపం లేదని అబద్ధం చెప్పను.

నా పుట్టుకే దెబ్బలతో మొదలైంది. బండ్లకు బాడీ కట్టే షెడ్డులో ప్లైవుడ్ చెక్క మీద ఫైబర్ షీటు పరిచి ఒళ్ళంతా రివెట్లు దిగ్గొట్టారు. ఏసీ పెట్టడానికి నట్టనడుమ నలుచదరంగా కోశారు. గాలి పోయేందుకు ఇంకో రెండు చోట్ల పొడిచారు. ఇన్ని గాయాలు చేసి, వాటి అంచుల మీద తుపాకీలాంటి దానితో తెల్లటి జిగురు కక్కించారు. దాన్ని సీలెంట్ అంటారు. అది పట్టి ఉన్నంతకాలమే నాకు ఆయుష్షు. మనుషులు ముందు పొడిచి తర్వాత మందు రాస్తారు, ఆ మందుకు మళ్ళీ ఒక గడువు పెడతారు.

ఆ గడువు వారంటీ కాగితంలో ఉంది. పైన అరచేయంత అక్షరాలతో ‘ఐదేళ్ళు’ అని వేశారు. కింద చీమ తలకాయంత అక్షరాల్లో అసలు సంగతి పెట్టారు. మూడు నెలలకోసారి అతుకులు చూపించి కంపెనీ ముద్ర వేయించుకోవాలి, పగిలిన సీలెంట్ గీకేసి కొత్తది వేయించాలి, అలా చేయకపోతే నీళ్ళు దిగి ఏమైనా మా పూచీ లేదు, అని. పైదాన్ని అందరూ చదువుతారు. కిందిది కంపెనీవాళ్ళే చదువుకుంటారు.

నన్ను కొన్నవాడు సన్యాసిరావు. అంతకుముందు పన్నెండేళ్ళు గోవర్ధనం అనే ఆసామి దగ్గర డ్రైవరు. గోవర్ధనానికి నాలుగు క్యారవాన్లు, నలభై మంది నోళ్ళకు సరిపడా నోరు. ఒకరోజు ఎండలో ఏసీ ఆగిపోతే, షూటింగు జనమంతా చూస్తుండగా, సన్యాసిరావును చెప్పుతో చెంప మీద కొట్టాడు. పెదవి చిట్లి రక్తం చొక్కా మీద పడింది. ఆ చొక్కాతోనే ఇంటికి పోయి, భార్య నూకరత్నం ముందు ఒట్టు పెట్టుకున్నాడు. “సచ్చినా మరొకడి స్టీరింగు ముట్టను.” ఇంటి స్థలం అమ్మి మా బండి కొన్నాడు. ఆ ఒట్టు బరువంతా నా రివెట్ల మీదే ఉందని నాకు మొదటి రోజే తెలుసు.

మొదటి రెండేళ్ళు నన్ను కంటికి రెప్పలా చూసుకున్నాడు. తడిగుడ్డతో తుడిచేవాడు, అతుకు అతుకూ వేలితో తడిమేవాడు, తారీఖు తప్పకుండా ముద్ర వేయించేవాడు. మూడో ఏడు ఏసీ అంచున సీలెంట్ వెంట్రుకవాసి పగిలింది. సరిగ్గా అప్పుడే శుక్ర మూఢం వచ్చింది, రెండు నెలలకు పైనే.

“పాతది గీకి కొత్తది ఎయ్యాలట. ఇంటికి కొత్త కప్పు ఎయ్యడం లాటిదే కదేటి? మూఢంలో ఎలా సేత్తాం?” అన్నాడు.

“మూఢం పెళ్ళికి గానీ, పగిలిన కప్పుకేటి మావా? వానకి మూఢముందేటి?” అంది నూకరత్నం.

“చక్రాలున్నా ఇల్లు ఇల్లేనే. మంచం ఉంది, పొయ్యి ఉంది, దేవుడి పటం ఉంది.”

ఏ పంతులూ అతనికి అలా చెప్పలేదు. పెళ్ళిళ్ళకూ గృహప్రవేశాలకూ ఉన్న నియమాన్ని తనే సాగదీసి నా నెత్తిన వేశాడు. కావాలని చేసిన నిర్లక్ష్యమైతే తిట్టుకుని ఊరుకునేదాన్ని. మరీ ప్రేమ ఎక్కువై చేశాడు. ముద్ర వేయించాల్సిన తారీఖు దాటిపోయింది.

ఆ నెలలోనే భీమిలి షూటింగు. హీరో లోపల ఉన్నాడని తెలిసి కుర్రాళ్ళు ముప్పై మంది నా మీదికి ఎక్కారు. బూట్లతో గెంతారు, ఈలలు వేశారు, బిందెలతో పాలు పోశారు. పోలీసులు లాఠీలతో విరుచుకుపడితే ఒకడి తల పగిలి నా మీదే పడ్డాడు. పాలూ నెత్తురూ కలిసి ఆ పగులులోకి దిగాయి. వెంట్రుకవాసి కాస్తా వేలు దూరేంత అయింది. పై వారం తుఫాను. గాలి నన్ను పీకింది, వాన నాలుగు రోజులు సూదుల్లా గుచ్చింది. నా చెక్క నీళ్ళు తాగి తాగి ఉబ్బి, లోపల్లోపల కుళ్ళిపోయింది. ఒక మధ్యాహ్నం లోపలి సీలింగు పలక తడిసి ఊడి మేకప్‌మాన్ భుజం మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు నాకు వినపడింది.

కంపెనీ నుంచి ప్రమోద్ అనే ఇంజినీరు వచ్చాడు. నా మీద కూర్చుని స్క్రూడ్రైవరుతో ఒక్క పోటు పొడిచాడు. పిడి దాకా దిగింది.

“ముద్ర లేదండీ. అతుకులు చూసుకోవలసింది మీరే. పైగా మనుషులు ఎక్కి తొక్కారు. ఇది వారంటీలోకి రాదు” అన్నాడు.

సన్యాసిరావు అతని కాలరు పట్టి మెడ నొక్కేశాడు. ప్రమోద్ కళ్ళు పైకి తేలాయి. నూకరత్నం నిచ్చెనెక్కి వచ్చి, మొగుడి చెయ్యి కొరికి విడిపించింది. ఇంజినీరు దగ్గుతూ దిగి, బ్యాగు కూడా మరిచి పరుగెత్తాడు.

కబురు గోవర్ధనానికి చేరింది. మర్నాడే కారులో దిగాడు.

“ఏరా సన్నాసీ, ఇంకెందుకు పౌరుషం? రేపట్నుంచి నా బండెక్కు. ఆ కుళ్ళు డొక్కు తుక్కుకి తోసెయ్” అన్నాడు.

సన్యాసిరావు తల వంచుకున్నాడు. మా బండి తాళాలు ఇచ్చేయడానికి చెయ్యి జేబులోకి పోయింది. నిజం చెబుతున్నాను, నా చెక్కలో మిగిలిన బలమంతా ఆ క్షణంలో పోయింది. అప్పుడు నూకరత్నం బండి పెట్టుకునే షెడ్డులోంచి గునపం తెచ్చి మొగుడి కాళ్ళ దగ్గర విసిరింది.

“కుళ్ళింది కప్పు. ఇంజను కుళ్ళిందేటి? పీకి పారెయ్. కప్పు లేని బండి పెళ్ళి ఊరేగింపులకి తిప్పుకుందాం.”

అతను గునపం తీసుకుని పైకెక్కాడు. చెప్పులు విప్పలేదు. మొదటి పోటు ఏసీ పక్కన పడింది. రివెట్లు తుపాకీ గుళ్ళలా ఎగిరాయి. ఫైబర్ షీటు చీలుతుంటే అరిచాను, మనుషులకు అది కిర్రుమన్నట్టే వినపడుతుంది. అతనూ అరుస్తున్నాడు. అరచేతులు చీరుకుపోయి గునపమంతా ఎర్రబడింది. గోవర్ధనం కిందనుంచి “పిచ్చెక్కిందిరా నీకు!” అంటున్నాడు. ఒక ముక్క ఊడి అతని కారు బానెట్ మీద పడ్డాక నోరు మూసుకున్నాడు.

పోటు పోటుకూ అతన్ని శపించాను. నేను చేసిన తప్పేమిటి? మూఢం పెట్టింది నేనా, ముద్ర వేయించనిది నేనా? ఆఖరి అతుకు దగ్గర అతను ఆగి, నా మీద చెయ్యి వేసి వెక్కి వెక్కి ఏడ్చాడు. తర్వాత గునపం ఎత్తి బలమంతా పెట్టి పొడిచాడు.

నేను నేల మీద పడ్డాను. తడిసిన నా బరువు దిగగానే బండి స్ప్రింగుల మీద బెత్తెడు పైకి లేచింది. ఇన్నాళ్ళూ దాన్ని అంతలా అణిచి ఉంచానని నాకు తెలియదు.