గొల్లబండ దాకా పరుగు

ఆ ఆదివారం పొద్దున ఇంట్లో నలుగురున్నారు. లోపలి గదిలో కుక్కిమంచం మీద, రెండు నెలలుగా లేవని నల్లమ్మవ్వ. పొయ్యి దగ్గర అమ్మ. వాకిట్లో పగ్గం పేనుకుంటూ నాయన ఈశ్వరప్ప. తలుపు వెనక పావడా పైకి దోపుకుంటూ హొన్నమ్మ. లేని మనిషి ఒకతె, నాయనకు అక్క రామలక్ష్మత్త. ఆమె ఆ ఇంటి గడప తొక్కక ఏడేండ్లయింది. అయినా వాకిట్లో ఏ అడుగు చప్పుడైనా అవ్వ, "రామలక్ష్మేనా?" అని అడిగేది. ఎవరూ పలికేవాళ్ళు కారు.

జరిగింది ఊరందరికీ తెలుసు. ఆ కరువేడు అత్త కొండవతల గొల్లబండ నుంచి వచ్చి, విత్తనానికి ఒక మూట శెనక్కాయలు అడిగింది. "యాడుండాయక్కా, అన్నీ తినేస్తిమి" అన్నాడు నాయన. అవ్వ మూలన కూర్చోనుంది. కూతురికి మజ్జిగిద్దామని లేచేసరికి ఆమె చీర కింద గోనెసంచి కనబడింది. తల్లి విత్తనాల మీదే కూర్చోనుంది! అత్త మజ్జిగ తాగలేదు. వెళ్ళిపోయింది.

హొన్నమ్మకు తెలియనిది ఒకటే. అవ్వ తనంతట తాను కూర్చుందా, నాయన కూర్చోమంటే కూర్చుందా? అడుగుదామంటే ఆ పిల్లకు నోరు రాదు. బళ్ళో హాజరు పిలిస్తేనే గొంతు సగం లోపల ఉండిపోతుంది. నోటుపుస్తకం చివరి పేజీలో రాసుకుంది, అంతే. నిన్న రాత్రి దాని కింద ఇంకొకటి రాసింది: "అవ్వ పోయేలోపల అత్త వస్తుందా?"

హొసకోటలో ఆటల పోటీలు దగ్గరికొచ్చాయి. దూరపు పరుగుకు హొన్నమ్మనూ, పుట్టమ్మనూ, సంజీవమ్మనూ ఎంచి, ఆదివారం కూడా పరిగెత్తమన్నాడు పి.టి. మేష్ట్రు. "నిలబడకుండా పోవాల, నిలబడకుండా రావాల" అన్నాడు.

"బస్సు రోడ్డు మింద పోదాం" అంది పుట్టమ్మ. ఆమెకు బస్సులో వాళ్ళు తనను చూడాలి.

"గొల్లబండకు పోదాం" అంది హొన్నమ్మ.

మిగిలిన ఇద్దరూ ఆమె వైపు వింతగా చూశారు.

"ఓయమ్మ, దీనికి నోరుండాది!" అంది సంజీవమ్మ. "కొండెక్కి దిగాల గదమే. ఆడేముండాది?"

"మా అత్త."

ముగ్గురూ కొండ వైపు తిరిగారు.

చలికి పండ్లు జివ్వుమంటున్నాయి. నోట్లోంచి పొగ వస్తుంటే పుట్టమ్మ రెండు వేళ్ళు పెదాలకు పెట్టుకుని బీడీ తాగినట్టు ఊదింది. శెనక్కాయ పీకేసిన చేలు బోడిగా ఉన్నాయి. ఈ యేడూ కాయ సరిగ్గా ఊరలేదు, తీగ మాత్రం గొడ్లకు మిగిలింది. మట్టి మీద అడుగులు మెత్తగా పడ్డాయి. బండ మీదికి రాగానే టపటపమన్నాయి. ఆ చప్పుడుతో పాటు హొన్నమ్మ లోపల ఒకే మాట తిప్పుకుంటోంది: అత్తా, అవ్వ నిన్ను అడుగుతాంది. అత్తా, అవ్వ నిన్ను అడుగుతాంది.

కొండ మొదట్లో గొర్రెల మంద దగ్గర బొమ్మన్న తాత కంబళి కప్పుకుని కూర్చున్నాడు. వీళ్ళను చూసి గబుక్కున లేచాడు.

"ఎవురు పోయినారమ్మా?"

"ఎవురూ పోలేదు తాతా. ఊరికే పరిగెత్తుతాండాం."

"ఊరికేనా?" ఆయన నమ్మలేదు. "ఊరికే ఎవురు పరిగెత్తుతారు? చావు కబురు మోసేవాడు పరిగెత్తుతాడు, లేకుంటే దొంగ. మీరు యా జాతి?"

నవ్వుకుంటూ ఎక్కారు ముగ్గురూ. కొండ నెత్తిన నిలబడగూడదు గానీ హొన్నమ్మ ఒక్క క్షణం నిలబడింది. అక్కడినుంచి రెండూళ్ళూ కనిపిస్తున్నాయి. తమ ఇంటి కప్పు కూడా, అగ్గిపెట్టెంత. అత్త కట్టెలకు కొండెక్కినప్పుడల్లా దీన్ని చూస్తుందేమో! చూసి ఏమనుకుంటుంది? ఇంకో ప్రశ్న పుస్తకానికి దొరికింది.

గొల్లబండలో అత్త ఇల్లు మొదటిదే. మామ సంతకు పోయాడు. అత్త చెంబుతో నీళ్ళు పట్టుకుని గడపలో నిలబడింది. హొన్నమ్మ ఆమె ఎదురుగా ఆగింది. ఊపిరి ఆడడం లేదు. చలిగాలికి కళ్ళనిండా నీళ్ళు. "అత్తా" అంది. తర్వాతి మాట, దారంతా తిప్పుకున్న మాట, గొంతులో ఇరుక్కుపోయింది.

అత్త ఆ కళ్ళను చూసింది. రొప్పును చూసింది. వెనక మరో ఇద్దరు పరిగెత్తి వచ్చి నిలబడ్డాన్ని చూసింది.

"అయ్యో! మాయమ్మ పాయెనా!"

చెంబులో నీళ్ళు తీసుకుపోయి మండే పొయ్యిలో కుమ్మరించింది. సగం ఉడికిన సంగటి అట్లాగే ఉండిపోయింది. గుండెలు బాదుకుంటూ బయటికొచ్చింది. పక్కింటివాళ్ళు పరిగెత్తుకొచ్చారు.

పుట్టమ్మ మోచేత్తో పొడిచింది. "చెప్పమే!"

"కొండ మింద చెప్తా" అంది హొన్నమ్మ చిన్నగా.

"పాపమమే."

"ఈడ చెప్తే ఈమె రాదు."

అట్లా అన్నది తనేనా అని హొన్నమ్మకే ఆశ్చర్యం. అత్త అప్పటికే కొండదారి పట్టింది. ముగ్గురూ ఆమె వెనకే నడిచారు. ఏడుపులో అత్త గోనెసంచి మాట ఎత్తలేదు. చిన్నప్పుడు అమ్మ జడ వేసింది, వేయించిన కాయలు కొంగున కట్టిచ్చింది, అవే చెప్పుకుని ఏడ్చింది.

కొండ నెత్తికి చేరగానే ఏడుపు ఆగిపోయింది. అత్త నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని చూస్తోంది.

"మీ ఇంటిమింద పొగొస్తాంది" అంది. "పీనుగుండే ఇంట్లో పొయ్యి యాల మండతాంది?"

పుట్టమ్మ రెండడుగులు వెనక్కి వేసింది. ఇప్పుడు హొన్నమ్మకు మాట దానంతటదే వచ్చింది. "అవ్వ ఉండాదత్తా. నిన్ను అడుగుతాంది. దినామూ అడుగుతాంది. చెప్పాలని వస్తే నోరు రాలేదు. మళ్ళ వచ్చింది గానీ చెప్పలేదు."

అత్త చెయ్యెత్తింది. హొన్నమ్మ కళ్ళు మూసుకుంది. దెబ్బ పడలేదు. కళ్ళు తెరిస్తే అత్త బండ మీద కూలబడి ఆ పొగనే చూస్తోంది. తర్వాత ముక్కు చీది లేచింది.

"బతికుండే మనిషికి ఏడిస్తిని. ఏడ్చినోళ్ళు పొద్దు గూకకముందే పోయి మొగం సూపించాల. లేకుంటే ఆ ఏడుపు మనిషిని పట్టుకుంటాది. అందుకే వస్తాండా, ఇంగ దేనికీ కాదు."

ఇట్లాంటి ఆచారం ఒకటుందని హొన్నమ్మ ఎప్పుడూ వినలేదు. పుట్టమ్మ వైపు చూసింది. ఆమె పెదవి విరిచింది. సంజీవమ్మా తల అడ్డంగా ఊపింది.

"ఏం సూస్తాండారు? పరిగెత్తండే! నడిస్తే నాకు బుద్ధి మారతాది."

చీర కుచ్చిళ్ళు ఎగదోపి అందరికంటే ముందు ఆమే దిగింది. మంద దగ్గర బొమ్మన్న తాత మళ్ళీ లేచాడు. "ఇప్పుడు నలుగురైనారే! ఇంగ ఎవురో ఖాయంగా పోయినట్లే!"

"నీ గొర్రెలు సూసుకోప్పా!" అని అరిచింది అత్త, ఆగకుండా.

ఇంటి దగ్గర నాయన పగ్గం పట్టుకునే లేచి నిలబడ్డాడు. పగ్గంతో సహా పక్కకు జరిగి, గొడ్ల చావిట్లోకి వెళ్ళిపోయాడు. అమ్మ కాళ్ళకు నీళ్ళిచ్చింది.

"రామలక్ష్మేనా?" అని అడిగింది లోపలినుంచి అవ్వ, ఎప్పటిలాగే.

"నేనేమ్మా."

హొన్నమ్మ తలుపు రెక్క పక్కన నిలబడింది. రొప్పు వినబడకుండా అరచేత్తో నోరు మూసుకుంది.

"యాల అంత రొప్పుతాండావు?" అని కూతురిని అడిగింది అవ్వ.

"పరిగెత్తొస్తిని."

"ఈ వయసులోనా, పిచ్చిదానా." మంచం కిర్రుమంది. "కూచో. ఈడ, నా పక్కన. రామలక్ష్మీ, ఆ దినం ఆ సంచి మింద నేను..."

హొన్నమ్మ ఇంకో అడుగు ముందుకేసింది. మంచం పట్టె మీద అవ్వ చెయ్యి కనిపించింది, దాని మీద అత్త చెయ్యి. అత్త తలెత్తి చూసింది. లేచి వచ్చింది.

"ఈ పొద్దుకు నువ్వు మోసిన కబురు చాలు" అంది మెల్లగా. "పో, పోయి కాళ్ళు కడుక్కో." తలుపు వేసి గడియ పెట్టుకుంది.